సెల్లార్ కట్టింది కార్ల కోసం కదా?

ఇప్పుడే మా బెజవాడ సూర్యారావుపేట నుంచి ఇంటికొచ్చాను. ఒళ్ళు ఇంకా మండుతోంది. మోకాళ్ళ నొప్పులతో ఉన్న అమ్మని స్కానింగ్‌కి తీసుకెళ్ళాను. ఐదంతస్తుల ఆసుపత్రి. గేటు దగ్గర వాచ్‌మన్ ఈల వేసి, "లోపల ప్లేస్ లేదు సార్, బయటెక్కడైనా పెట్టుకోండి" అన్నాడు. అమ్మని అక్కడే దింపి, ఏలూరు రోడ్డు దాకా పోయి కారు పెట్టి, ఎండలో నడిచొచ్చాను. తీరా స్కానింగ్ ఎక్కడంటే, "కింద సెల్లార్‌లో" అన్నారు! కార్లు దిగాల్సిన ర్యాంపుని మెట్లు చేసేశారు. కింద ల్యాబు, మందుల షాపు, క్యాంటీన్. అమ్మ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే నాకు ఏడుపొచ్చింది.

పైన అన్ని అంతస్తులకి ప్లాన్ పాసైందే కింద పార్కింగ్ చూపించినందుకు. ఓసీ, అంటే బిల్డింగ్ వాడుకోవచ్చని ఇచ్చే సర్టిఫికెట్, తీసుకున్నాక ఆ పార్కింగ్ ఉందో పోయిందో మళ్ళీ వచ్చి చూసేవాళ్ళు లేరా?

బెజవాడలో ఏ మేడెక్కి చూసినా బిల్డింగులన్నీ చాకుతో కోసినట్టు ఒకే ఎత్తు. ఇవి కట్టినప్పటి రూల్ ప్రకారం 18 మీటర్లు వస్తే హైరైజ్, అంటే ఎత్తైన బిల్డింగుల లెక్కలోకి పోయేది. దానికి వెడల్పు రోడ్డు ఉండాలి, చుట్టూ ఎక్కువ ఖాళీ వదలాలి. గవర్నర్‌పేట సందుల్లో అంత జాగా ఎక్కడిది? ఒకపక్క కృష్ణ, ఇంకోపక్క కొండలు, ఊళ్ళోంచి బందరు, ఏలూరు, రైవస్ కాలువలు. రోడ్లు ఎటు పెరుగుతాయి? అందుకే అందరూ ఆ గీతకి కాస్త కిందే ఆగారు. కింద స్టిల్టు (పార్కింగ్ కోసం స్తంభాల మీద వదిలే ఖాళీ అంతస్తు), పైన ఐదు. ఇక పైకి లేపలేడు కాబట్టి ఓనరు కన్ను సెల్లార్ మీద పడుతుంది. కారు పెడితే రూపాయి రాదు, కొట్టు పెడితే నెలనెలా అద్దె. అక్కడ ఉండాల్సిన కార్లన్నీ మన రోడ్ల మీద ఉంటాయి. పండగ ముందు బీసెంట్ రోడ్డు వైపు వెళ్ళినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఈ మంట నాకు పాతదే. నాన్న ఇల్లు కట్టినప్పుడు ప్లాన్‌లో ఉన్నంత సెట్‌బ్యాకూ, అంటే ఇంటి చుట్టూ ఖాళీ, వదిలారు. పక్కాయన హద్దు గోడ దాకా లేపి, పైన ఇంకో అంతస్తు వేశాడు. మేం కంప్లయింట్ పెట్టాం, తిరిగాం. ఈలోగా బీపీఎస్ వచ్చింది, ప్లాన్‌కి విరుద్ధంగా కట్టినదాన్ని డబ్బు తీసుకుని రెగ్యులర్ చేసే స్కీమ్. 2007 చివర్లో ఒకసారి, 2015లో మళ్ళీ. ఆయన డబ్బు కట్టాడు, తప్పు కాస్తా రెగ్యులర్ అయిపోయింది. రూల్ పాటించిన నాన్నకి ఎవరేమిచ్చారు? మా మేడ మీద నుంచి గాంధీ కొండ మీది స్తూపం కనిపించేది. 1968 నాటిది, 52 అడుగులు. సాయంత్రం కుర్చీ వేసుకుని అటే చూస్తూ కూర్చునేవారు. తర్వాత ఆ కుర్చీకి ఎదురుగా పక్కాయన వాటర్ ట్యాంకు వచ్చింది. పోయేదాకా ఆ బాధ తీరలేదు నాన్నకి.

రేపు ఇంకో టెస్ట్ ఉంది. "ఆటోలో పోదాంలేరా, నీకెందుకీ టెన్షన్" అంటోంది అమ్మ. సరే, ఆటోలోనే వెళ్తాం. ఆ సెల్లార్ మెట్లు మాత్రం తనే దిగాలి.