ఇద్దరి దగ్గరా కమీషన్ తీసుకునే బ్రోకరు ఎవరి మనిషి?

"నేను మధ్యస్తుణ్ణి అన్నా, మీరిద్దరూ నాకు ఒకటే." నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఫ్లాటైనా, ఒంగోలు శివారులో ప్లాటైనా, కందుకూరు పక్కన మెట్ట చేనైనా బేరం మొదట్లో వినపడే మాట ఇదే. ఆ మాట చెప్పి అమ్మే పార్టీ దగ్గర ఒక శాతం, కొనే పార్టీ దగ్గర ఒక శాతం తీసుకుంటారు. రెండు వైపులా తీసుకోవడం తప్పని నేననను. ఎండలో పది మందిని తిప్పి చూపించి, మాటల్లేని అన్నదమ్ముల్ని ఒక చోట సంతకానికి కూర్చోబెట్టిన మనిషికి డబ్బు రావాల్సిందే. నా కోపమంతా ఒక్కదాని మీద. తాను ఎవరి తరఫున పనిచేస్తున్నాడో కాగితం మీద ఒక్క ముక్క రాయడు. అందుకే కమీషన్ అడిగేటప్పుడు ఇద్దరి మనిషీ అవుతాడు, తగువొచ్చిన రోజు ఎవరి మనిషీ కాకుండా పోతాడు.

చట్టం మాత్రం అట్టా వదిలెయ్యలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ఇప్పటికీ బ్రోకరుకు ఆధారం. ఒకరి తరఫున బయటివాళ్లతో వ్యవహారం నడిపితే ఏజెంటే, మధ్యస్తుడని పిలిపించుకున్నా సరే. 212 సెక్షన్ ప్రకారం ఆ పనిలో ఉండాల్సిన నేర్పు, జాగ్రత్త చూపించాలి. 213 ప్రకారం అడిగితే లెక్క చెప్పాలి. 215, 216 సెక్షన్లయితే ప్రతి స్థలం యజమానీ చదవాలి. ఇక్కడ యజమాని అంటే ఏజెంటును పెట్టుకున్న మనిషి, అమ్మేవాళ్లైనా కొనేవాళ్లైనా. ఆ యజమానికి తెలియకుండా ఏజెంటు అదే వ్యవహారంలో సొంత బేరం పెట్టుకుంటే, వచ్చిన లాభాన్ని యజమాని అడిగి రాబట్టుకోవచ్చు. తప్పుడు నడతతో చేసిన పనికి ప్రతిఫలం అడిగే హక్కు లేదని 220 సెక్షన్ చెబుతుంది.

ఇది మన దగ్గర ఎక్కడ తగులుతుందో లెక్క వేసి చూపిస్తాను. 36 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న స్థలం. 2,160 చదరపు అడుగులు. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు కాబట్టి 30 అంకణాలు. అమ్మే ఆయన అంకణం 90 వేలకు ఒప్పుకున్నాడు, మొత్తం 27 లక్షలు. బ్రోకరు కొనే ఆయనకు లక్ష అని చెప్పాడు, 30 లక్షలు. పైకి కనిపించే కమీషన్ రెండు వైపులా కలిపి 57 వేలు. కనిపించకుండా పైన వేసుకున్నది 3 లక్షలు. ఇద్దరినీ రిజిస్ట్రేషన్ రోజు దాకా ఎదురుపడనివ్వకపోవడానికి కారణం ఇదే. ఇంకో పద్ధతి కూడా ఉంది. లక్షో రెండు లక్షలో అడ్వాన్స్ ఇచ్చి తన పేరునో, బామ్మర్ది పేరునో అగ్రిమెంట్ రాయించుకుని, గడువు లోపల దాన్నే తిప్పి అమ్మడం. కొనుక్కుని అమ్ముకోవడం నేరం కాదు. కానీ ఆ పని చేసినవాడు వ్యాపారి, మధ్యస్తుడు కాదు. వ్యాపారం చేస్తూ మధ్యస్తుడి పేరుతో ఇద్దరి దగ్గరా కమీషన్ కూడా తీసుకుంటే అది మోసం.

దీనికన్నా పెద్ద ప్రమాదం 229 సెక్షన్‌లో ఉంది, చాలామందికి తెలియదు. వ్యవహారం నడిపేటప్పుడు ఏజెంటుకు తెలిసిన విషయం యజమానికి తెలిసినట్టే లెక్క. స్థలం మీద మేనత్త వాటా తగువు ఉందని బ్రోకరుకు తెలుసు, మీకు చెప్పలేదు. రేపు కోర్టులో "మాకు తెలియకుండా కొన్నాం" అంటే, "మీ ఏజెంటుకు తెలుసు కదా" అని అవతలి వకీలు అడుగుతాడు. బ్రోకరు కావాలనే దాచాడని మీరు రుజువు చేసుకోవాల్సి వస్తుంది. అతనికి కమీషన్ ఇచ్చి మరీ ఆ తెలివిడిని మీ నెత్తిన వేసుకున్నట్టు. అందుకే ఎవరి తరఫు అనే ప్రశ్నను నేను చిన్నదిగా చూడను.

నిజమైన మధ్యస్తం ఎట్టా ఉంటుందో చూడాలంటే మన పిల్లలు ఇళ్లు కొంటున్న అమెరికాలోనే ఉంది. ఫ్లోరిడా, కొలరాడో రాష్ట్రాల్లో ఒకే బ్రోకరు ఇద్దరికీ పూర్తి ఏజెంటుగా ఉండటం నిషేధం. ఆ రెండు చోట్లా 'ట్రాన్సాక్షన్ బ్రోకర్' అని ఒక హోదా ఉంది. అతను ఏ ఒక్కరి పక్షానా నిలబడడు, బేరం సాగడానికి ఇద్దరికీ సాయపడతాడు. అంతమాత్రాన బాధ్యత పోలేదు. ఫ్లోరిడా చట్టం బాధ్యతల జాబితానే ఇచ్చింది. నిజాయితీగా ఉండాలి. చేతికొచ్చిన ప్రతి డబ్బుకూ లెక్క చెప్పాలి. నేర్పుతో పనిచేయాలి. వచ్చిన ప్రతి రేటునూ ఆలస్యం లేకుండా అవతలి వాళ్లకు చేరవేయాలి. ఇంటి విలువను దెబ్బతీసేవి, చూడగానే కనిపించనివి, తనకు తెలిసినవన్నీ కొనేవాళ్లకు చెప్పాలి. అదే సమయంలో అమ్మేవాళ్లు ఇంకా తగ్గుతారని ఇటు, కొనేవాళ్లు ఇంకా పెంచుతారని అటు మోయకూడదు. ఎవరికి ఏ అవసరం ఉందో బయటపెట్టకూడదు.

ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. "వాళ్ల పాప పెళ్లి వచ్చే నెల, డబ్బు అర్జెంటు, గట్టిగా పట్టు, రెండు లక్షలు దిగుతారు." టీ బంకు దగ్గర కొనేవాళ్ల చెవిలో వేసే ఈ ఒక్క మాటతో ఆ ఇంటి కష్టం రేటు కింద మారిపోతుంది. ఇట్టా చెప్పినవాడు అదే ఇంటికి పోయి ఒక శాతం తీసుకుంటాడు. నాకు దీన్ని మించిన ద్రోహం కనపడదు. స్థలం లోపం చెప్పి తీరాలి, మనిషి అవసరం దాచి తీరాలి. మన దగ్గర సరిగ్గా తలకిందులుగా జరుగుతోంది.

లోపాలంటే మన జిల్లాల్లో ఏవో బ్రోకర్లకు బాగా తెలుసు. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితా, అంటే 22-ఏలో ఆ సర్వే నంబరు ఉందా? పాత భూముల రిజిస్టరు ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలున్న భూమా? అసైన్‌మెంట్ పట్టానా? దేవాదాయ భూమా? రెవెన్యూ రికార్డులు అడంగల్, 1-బి చూస్తే సగం తేలుతుంది. ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. అయితే ఈసీ శుభ్రంగా ఉంది అన్నంత మాత్రాన అయిపోలేదు. రిజిస్టర్ కాని వీలునామా, నోటి పంపకాలు, తెల్లకాగితం అగ్రిమెంటు అందులో కనపడవు. ఒరిజినల్ దస్తావేజు కళ్లతో చూడాలి. జిరాక్సే చూపిస్తున్నారంటే ఒరిజినల్ బ్యాంకులోనో, వడ్డీకిచ్చినవాళ్ల బీరువాలోనో ఉందేమో అడగండి.

తర్వాత టేపు పట్టాలి. పైన చెప్పిన 36 అడుగుల వెడల్పు నిజానికి 35 ఉంటే 60 చదరపు అడుగులు పోయినట్టు, అంటే అంకణంలో ఆరింట ఐదొంతులు. లక్ష రేటున 83 వేలు. తిరుపతి వైపు అంకణం అంటే 36 చదరపు అడుగులే, కాబట్టి అటువాళ్లతో బేరమైతే చదరపు అడుగుల్లో రాయించండి. ఒంగోలు వైపు గజాలు, సెంట్లు. సెంటుకు 48.4 గజాలు, నెల్లూరు లెక్కలో ఆరు అంకణాల పైన రవ్వంత.

"2016 నాటి రెరా, అదే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ఉంది కదా" అంటారు. ఉంది, కానీ ఎంతవరకో తెలుసుకోవాలి. 500 చదరపు మీటర్లు, అంటే మన దాదాపు 75 అంకణాలు దాటిన వెంచర్లు, 8 ఫ్లాట్లు దాటిన అపార్టుమెంట్లు దాని కిందికి వస్తాయి. వాటిలో అమ్మకం చేయించే బ్రోకరు రిజిస్టర్ కావాలి, ప్రతి అమ్మకంలో తన నంబరు వేయాలి. కేవలం పరిచయం చేశాను అన్నా తప్పించుకోలేడు, పరిచయం చేసినవాణ్ణి కూడా చట్టం ఏజెంటనే అంది. రిజిస్టర్ కాని వెంచర్‌లో ప్లాటు అమ్మించకూడదు, ఖాతా పుస్తకాలు రాయాలి, లేని సౌకర్యాలు ఉన్నాయని చెప్పకూడదు. దగదర్తి విమానాశ్రయం, రామాయపట్నం పోర్టు పేర్లు చెప్పి ఇష్టమొచ్చిన దూరాలు బ్రోచర్లలో వేయడం కూడా ఇందులోకే వస్తుంది. తప్పితే రోజుకు 10 వేల జరిమానా, అమ్మించిన ప్లాటు విలువలో 5 శాతం దాకా. కానీ చేతులు మారిన పాత ఇల్లు, వరి పొలం, మెట్ట చేను రెరా కిందికి రావు. మన దగ్గర బ్రోకర్లు నడిపే బేరాల్లో ఇవెన్నో! అక్కడ మిమ్మల్ని కాపాడేది కాంట్రాక్టు చట్టమూ, మీరు రాయించుకున్న కాగితమూ మాత్రమే.

ఆ కాగితం అరపేజీ చాలు. స్థలం చూడటానికి ముందే, ఇద్దరి సంతకాలతో:

"ఫలానా సర్వే నంబరులోని ఇన్ని చదరపు అడుగుల స్థలం విషయంలో నేను అమ్మేవారికి, కొనేవారికి ఇద్దరికీ మధ్యస్తుడిగా ఉంటున్నాను, ఏ ఒక్కరి తరఫునా కాదు. అమ్మేవారి నుంచి ఇంత, కొనేవారి నుంచి ఇంత కమీషన్. ధరలో నాకు వేరే వాటా లేదు. ఈ స్థలం మీద నాకు గానీ నా బంధువులకు గానీ అగ్రిమెంటు లేదు. నాకు తెలిసిన తగాదాలు, బాకీలు ఇవి. ఎవరి అవసరాలూ రెండో వారికి చెప్పను. అడ్వాన్స్ నా చేతికి తీసుకోను."

సంతకం పెట్టనంటే రెండో వైపు కమీషన్ ఇవ్వకండి. పెట్టిన బ్రోకరుకు అడ్డం తిరగడం కూడా అంతే తప్పు. అతను తెచ్చిన పార్టీతోనే వెనక నుంచి మాట్లాడుకుని రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఆ కమీషన్ మీరు బాకీ పడ్డట్టే.

అడ్వాన్స్ సంగతి. బేరం కుదర్చమని చెప్పినంత మాత్రాన అమ్మకం ఒప్పందం ఖాయం చేసే అధికారం బ్రోకరుకు రాదని సుప్రీంకోర్టు 1950లోనే కలకత్తా ఇంటి కేసులో చెప్పింది. అంటే టోకెన్ పేరుతో అతని చేతిలో పెట్టిన డబ్బు అమ్మేవాళ్లకు ముట్టినట్టు కాదు, వాళ్లు అతనికి రాతపూర్వకంగా ఆ అధికారం ఇచ్చి ఉంటే తప్ప. చెక్కు గానీ బ్యాంకు బదిలీ గానీ నేరుగా పట్టాదారు పేరునే వేయండి. స్థలం అడ్వాన్స్ 20 వేలు, ఆ పైన నగదుగా తీసుకుంటే తీసుకున్నవాళ్లకు ఆదాయపు పన్ను శాఖ అంత మొత్తమూ జరిమానా వేయొచ్చు. వాటాదారులు ముగ్గురుంటే మూడు రసీదులు, ముగ్గురి సంతకాలు, వెనక సర్వే నంబరు.