ప్రేమికులది రెండో నరకం, చంపినవాడిది తొమ్మిదోది

1981 దాకా ఇటలీ శిక్షాస్మృతిలో 587 అని ఒక సెక్షన్ ఉండేది. భార్యో, కూతురో, చెల్లెలో పరాయి మగవాడితో ఉండగా కంటపడి, పరువు పోయిందన్న ఆవేశంలో చంపేస్తే శిక్ష 3 నుంచి 7 ఏళ్లు. మామూలు హత్యకైతే కనీసం 21 ఏళ్లు. మన పత్రికలు పరువు హత్య అని రాసేదానికి అక్కడ చట్టమే రాయితీ ఇచ్చిందన్నమాట.

ఇటలీ ప్రేమ సాహిత్యం గురించి రాయబోతూ శిక్షాస్మృతి ఎందుకు ఎత్తుకున్నానంటే, ఇటాలియన్ సాహిత్యంలో అందరికంటే పేరున్న జంట పోయింది ఇలాగే. ఫ్రాంచెస్కాది రావెన్నా పాలకుల ఇల్లు. రెండు కుటుంబాల రాజకీయ అవసరం కోసం ఆమెను రిమినీకి చెందిన జాంచొట్టో మలతెస్తాకి ఇచ్చి పెళ్లి చేశారు. ఆమె మనసు పడింది అతని తమ్ముడు పావోలో మీద. 1280లలో ఎప్పుడో భర్త ఇద్దరినీ చంపేశాడు. ఇటాలియన్ మహాకవి డాంటే పట్టించుకోకపోతే ఆ కథ ఆ ఊళ్లోనే సమాధి అయిపోయేది.

తన ‘డివైన్ కామెడీ’ కావ్యంలో డాంటే వాళ్లను నరకంలోనే పెట్టాడు. ఆ నరకానికి తొమ్మిది వలయాలు, కిందికి పోయేకొద్దీ పాపం పెద్దది. వ్యామోహానికి లొంగినవాళ్ల చోటు రెండో వలయం. అక్కడ ఆగని గాలివాన ఆత్మల్ని పిట్టల గుంపుల్లా విసిరికొడుతూ ఉంటుంది. ఆ గాలిలోంచి బయటికొచ్చి ఫ్రాంచెస్కా తన కథ చెబుతుంది. ఒకరోజు ఇద్దరూ కాలక్షేపానికి, తన రాజు భార్యనే ప్రేమించిన లాన్సెలాట్ అనే వీరుడి కథ చదువుతున్నారు. రాణికి అతను ముద్దుపెట్టే చోటికి వచ్చేసరికి పావోలో వణుకుతూ ఆమెను ముద్దుపెట్టుకున్నాడు. ఆ రోజు ఇంక ముందుకు చదవలేదు, అని ఊరుకుంటుంది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పదు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని మాట ఒకటుంది. మమ్మల్ని చంపినవాడి కోసం కయీనా ఎదురుచూస్తోంది అంటుంది ఆమె. కయీనా తొమ్మిదో వలయంలో మంచుగడ్డ కట్టిన చోటు, అయినవాళ్లకు ద్రోహం చేసినవాళ్లు పోయేది. డాంటే కావ్యంలో నరకయాత్ర జరిగేది 1300లో. అప్పటికి జాంచొట్టో ఇంకా బతికే ఉన్నాడు. బతికున్నవాడికి ముందే సీటు రిజర్వు చేశాడు కవి. ప్రేమికులది రెండో వలయం, పరువు కోసం చంపినవాడిది అట్టడుగు. పార్లమెంటు ఆ మాటకు రావడానికి ఇంకో 650 ఏళ్ల పైన పట్టింది.

ఇంకో సంగతి. ఆ పద్యాల్లో పావోలో ఏడుస్తూ నిలబడతాడు, నోరు విప్పడు. మాట్లాడేది ఫ్రాంచెస్కా. ఇటలీ ప్రేమ సాహిత్యాన్ని నేను చదివేది ఈ కొలతతోనే: ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు చూస్తున్నారు, ఎవరిని చూస్తున్నారు.

ఎందుకంటే అసలు మొదలైంది చూపుతో. 13వ శతాబ్దంలో సిసిలీలో చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ కొలువులో జాకొమో దా లెంతీనీ అనే నోటరీ ఉండేవాడు. పత్రాలు రాసే ఉద్యోగం చేస్తూ కవిత్వం రాసేవాడు. 14 పాదాల సానెట్ అతని చేతిలోనే పుట్టిందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. ప్రేమను ముందు కళ్లు కంటాయి, తర్వాత గుండె పెంచుతుంది, అని సూత్రం చెప్పాడు. ఆ కళ్లు మగవాడివి. తర్వాత బొలోన్యాలో గ్విదో గ్వినిజెల్లీ, ప్రేమ ఉండేది సంస్కారమున్న హృదయంలోనే అన్నాడు. పుట్టుకతో వచ్చే గొప్పతనం కంటే మనసు గొప్పతనం మేలని అందులో ధ్వని. యువ డాంటే ఈ బడిలో చదువుకున్నవాడే. నరకంలో ఫ్రాంచెస్కా తనను సమర్థించుకోవడానికి వాడేది కూడా దాదాపు గ్వినిజెల్లీ మాటలే. అంటే తానూ తన గురువులూ అల్లిన కవిత్వాన్నే ఆ అమ్మాయి సాక్ష్యంగా చూపిస్తోంది. విన్న డాంటే శవంలా కుప్పకూలిపోతాడు. అది జాలి అని పాఠాల్లో చెబుతారు. నాకైతే అందులో కొంత భయం కూడా కనిపిస్తుంది.

డాంటే ఆరాధించిన బియాట్రిస్ కథ చాలామందికి తెలిసిందే, త్వరగా దాటుతాను. తొమ్మిదేళ్లప్పుడు చూశాడు, పద్దెనిమిదో ఏట ఆమె వీధిలో పలకరించింది. ఆమెకు వేరొకరితో పెళ్లయింది, 1290లో చనిపోయింది. ఆమె గురించి రాసిన ‘కొత్త జీవితం’లో ఆమె నోట దాదాపు మాటే ఉండదు. మన రాయప్రోలు అమలిన శృంగారం అన్నది గుర్తొచ్చే చోటిది. డాంటేకి పెళ్లయింది, పిల్లలున్నారు. భార్య జెమ్మా పేరు అతని రచనల్లో ఎక్కడా లేదు. కానీ ‘డివైన్ కామెడీ’లో, స్వర్గానికి పోయేముందు ఆత్మలు పాపాలు కడుక్కునే ప్రక్షాళన పర్వతం కొసన బియాట్రిస్ మళ్లీ ఎదురైనప్పుడు సీను మారిపోతుంది. వచ్చీ రాగానే పేరు పెట్టి పిలిచి చీవాట్లు పెడుతుంది. నేను పోయాక నువ్వు ఎవరెవరి వెంట పడ్డావని నిలదీస్తుంది. అంత పెద్ద కావ్యంలో డాంటే అన్న పేరు వచ్చేది ఆ ఒక్కచోటే, అదీ ఆమె నోటనే. ఆ తిట్టే బియాట్రిస్ నాకు ఎక్కువ ఇష్టం.

14వ శతాబ్దపు కవి పెట్రార్క్ దగ్గర నా ఓపిక తగ్గుతుంది. 1327 ఏప్రిల్ 6న అవిన్యాన్‌లో ఒక చర్చిలో లారాను చూశానని రాసుకున్నాడు. 1348లో, అదే ఏప్రిల్ 6న, ఆమె చనిపోయిందని కూడా రాసుకున్నాడు. తేదీలు అంత చక్కగా కుదరడం మీద కొందరికి అనుమానాలున్నాయి, నాకూ ఉన్నాయి. ఆమె మీద, ఆమె చుట్టూ అల్లిన పుస్తకంలో 366 కవితలు. భాష మెరుగు పెట్టడంలో అతని సాటి లేరు, కాదనను. అయితే లారా అంటే మనకు దక్కేది బంగారు జుట్టు, కళ్లు, ఒక చెయ్యి, ఒక ముసుగు. లారా కాస్త మాట్లాడేది కూడా ఎక్కువగా చచ్చిపోయాకే, అతని కలల్లో. మతాధికారిగా జీతం తీసుకుంటూనే పెట్రార్క్ ఇద్దరు పిల్లల్ని కన్నాడు. ఆ పిల్లల తల్లి ఎవరో మనకు తెలియదు. ఒకామె మీద 366 కవితలు, ఇంకొకామెకు పేరు కూడా లేదు. తర్వాత రెండు మూడు వందల ఏళ్లు యూరప్ అంతా ప్రేమను ఇతని దగ్గరే నేర్చుకుంది.

అదే తరంలో అతని స్నేహితుడు బొకాచో ఇంకో దారి పట్టాడు. 1348 ప్లేగు నుంచి ఫ్లారెన్స్ వదిలి వచ్చిన ఏడుగురు అమ్మాయిలు, ముగ్గురు అబ్బాయిలు పది రోజులు చెప్పుకునే వంద కథలు డెకామెరాన్. ఇది గదుల్లో మగ్గిపోతూ ప్రేమను మనసులోనే దాచుకునే ఆడవాళ్ల కోసం అని ముందుమాటలోనే చెప్పేశాడు. మగవాళ్లకేం, వేటకు పోతారు, జూదమాడతారు, వ్యాపారం చేసుకుంటారు అంటాడు.

నాలుగో రోజు మొదటి కథ ఒక్కటి చదివినా చాలు. సలెర్నో రాజు తన్‌క్రేదీకి ఒకతే కూతురు గిస్మోందా. భర్త పోయి పుట్టింటికి వచ్చింది. తండ్రికి ఆమె మీద ఎంత ప్రేమంటే మళ్లీ పెళ్లి ఊసెత్తడు. ఆమె కొలువులోని మగవాళ్లందరినీ గమనించి గ్విస్కార్దో అనే సేవకుణ్ని తనే ఎంచుకుంటుంది. ఇక్కడ చూపు ఆమెది. తండ్రి వాళ్లిద్దరినీ చూస్తాడు, అతన్ని పట్టించి, కూతురి ముందుకొచ్చి ఏడుస్తాడు. ఆమె ఏడవదు, వాదిస్తుంది. నువ్వు రక్తమాంసాలున్నవాడివి, కన్నది రక్తమాంసాలున్న బిడ్డనే, రాయినో ఇనుమునో కాదు కదా అంటుంది. నీ కొలువులో గొప్పింటివాళ్లను ఒకవైపు, ఇతన్ని ఒకవైపు నిలబెట్టి గుణం చూడు, ఎవడు గొప్పవాడో తెలుస్తుంది అంటుంది. గ్వినిజెల్లీ పద్యంలో అందంగా చెప్పిన సిద్ధాంతాన్ని ఒక కూతురు తండ్రి మొహం మీద అడుగుతోంది. జవాబుగా తండ్రి అతని గొంతు నులిమించి, గుండెను బంగారు గిన్నెలో పెట్టి పంపుతాడు. ఆమె అందులో విషం పోసుకుని తాగేస్తుంది.

అదే రోజు ఇంకో కథలో మెస్సీనా అమ్మాయి లిసబెత్తాకి వాదించే శక్తి లేదు. వర్తకులైన అన్నలు తమ దగ్గర పనిచేసే లొరెంజోను చంపి పాతిపెడితే, అతని తల తెచ్చి కుండీలో పెట్టి పైన తులసి జాతి మొక్క వేసి కన్నీళ్లతో పెంచుతుంది. అన్నలు ఆ కుండీ కూడా లాక్కుంటారు. తండ్రి, అన్నలు, భర్త. కవిత్వంలో ప్రియురాలికి ఇల్లే ఉండదు, కథల్లో ఆ ఇల్లే చంపుతుంది.

16వ శతాబ్దం మొదట్లో అరియొస్తో అనే కవి ఈ బరువంతా నవ్వులోకి దింపాడు. వీరులంతా వెంటపడ్డ ఆంజెలికా చివరికి గాయపడిన ఒక మామూలు సైనికుణ్ని పెళ్లాడుతుంది. చెట్ల మీద వాళ్లిద్దరి పేర్లు చెక్కి ఉండటం చూసి మహావీరుడు ఓర్లాందోకి పిచ్చెక్కుతుంది. పోయిన మతి సీసాలో చంద్రుడి మీద దొరికితే స్నేహితుడు వెళ్లి తెచ్చిపెడతాడు. ఇంత వీరుణ్ని నేను, నన్ను కాదంటుందా అని మండిపడేవాళ్లు ప్రతి కాలంలోనూ ఉన్నారు, ఆ సీసా దొరికింది మాత్రం అతనొక్కడికే.

పెట్రార్క్‌కి నేరుగా జవాబిచ్చింది వెనిస్‌లో ఉన్న కవయిత్రి గస్పారా స్టాంపా. కొల్లాల్తీనో అనే కౌంటును ప్రేమించింది. అతను యుద్ధానికని ఫ్రాన్స్ వెళ్లి ఉత్తరం ముక్క కూడా రాయకపోతే ఆ కోపాన్నీ పద్యాల్లోనే పెట్టింది. 30 ఏళ్లు దాటీ దాటకముందే 1554లో చనిపోతే, అదే ఏడు తోబుట్టువు కసాంద్రా ఆ కవితల్ని అచ్చువేయించింది. పెట్రార్క్ పుస్తకం మొదటి పద్యం, వినే మీరు నన్ను క్షమించడమే కాదు, జాలి పడతారని ఆశ అంటుంది. స్టాంపా మొదటి పద్యం అదే ఎత్తుగడతో మొదలై, క్షమించడమే కాదు, కీర్తి దక్కుతుందని ఆశ అంటుంది. జాలి అన్న చోట కీర్తి. అసలు మలుపు ఆ ఒక్క మాటలోనే. నా ప్రేమ చూసి ఇంకో ఆడది అసూయపడాలి అని కూడా అంటుంది. ప్రేమలో ఓడిపోయినామె అలా తలెత్తుకుని మాట్లాడటం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఆ తర్వాత రెండు వందల ఏళ్లు దూకేస్తున్నాను. 1753లో గోల్డోనీ నాటకంలో సత్రం నడిపే మిరాందొలీనా దొరల్ని ఆటాడించి, ఆడవాళ్లంటే గిట్టదన్నవాడి పొగరు దించి, చివరికి సత్రంలో పనివాణ్ని పెళ్లాడుతుంది. లెక్కలు తెలిసిన మనిషి, వ్యాపారం చెడగొట్టుకోదు.

ఇటలీ బడి పిల్లలంతా చదవక తప్పని, 19వ శతాబ్దపు రచయిత మాంజోనీ నవలది వింత కథ. పేరులోనే పెళ్లి నిశ్చయమైన జంట. రెన్‌జో, లుచీయా కోమో సరస్సు దగ్గర పల్లెటూరివాళ్లు. స్థానిక దొర కన్ను లుచీయా మీద పడుతుంది. అతని గూండాలు బెదిరిస్తే పెళ్లి చేయాల్సిన పాదిరీ తోక ముడుస్తాడు. కానీ పుస్తకమంతా వెతికినా ఈ జంట మధ్య ప్రేమ కబుర్లు పిడికెడు దొరకవు. లోకంలో ప్రేమ కావలసినదానికంటే 600 రెట్లు ఎక్కువే ఉంది, పుస్తకాలు రాసి ఇంకా పెంచాలా అని మొదటి చిత్తుప్రతిలో వెక్కిరించాడు, అచ్చులో ఆ ముక్క తీసేశాడు. అయినా ఒకచోట దొరికిపోయాడు. తండ్రి బలవంతాన సన్యాసినిగా మారిన జెర్త్రూదేని పక్కింటి దుర్మార్గుడొకడు పలకరిస్తాడు. మాంజోనీ వాక్యం ఇంతే: “ఆ అభాగ్యురాలు బదులిచ్చింది.” ఫ్రాంచెస్కా పుస్తకం మూసేసిన చోటే ఇతనూ మూసేశాడు.

1906లో సిబిల్లా అలెరామో ‘ఒక స్త్రీ’ నవల రాసింది, ఎక్కువ భాగం తన బతుకే. తండ్రి నడిపే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు ఆమెపై అత్యాచారం చేస్తాడు, అతనితోనే పెళ్లి. చివరికి కొడుకును వదులుకుని ఇల్లు వదిలేస్తుంది. కొడుకును వదిలినందుకే అప్పట్లో చాలామంది మండిపడ్డారు. చెరిచినవాడు ఆమెనే పెళ్లాడితే నేరం మాఫీ అనే నియమం ఇటలీ చట్టంలో ఉండేది. 1965 చివర్లో సిసిలీలో ఫ్రాంకా వియోలా అనే 17 ఏళ్ల అమ్మాయిని ఎత్తుకుపోయి చెరిచారు. ఆ పెళ్లి నాకొద్దని ఆమె కోర్టుకెక్కింది, తండ్రి ఆమె పక్కన నిలబడ్డాడు. తన్‌క్రేదీ చేయని పని అది. ఆ నియమం కూడా మొదట్లో చెప్పిన 587 సెక్షన్‌తో పాటే, ఒకే చట్టంతో, 1981 ఆగస్టులో పోయింది.

ఈ తరానికి తెలిసిన పేరు ఎలెనా ఫెర్రాంటే. 2011 నుంచి 2014 దాకా వచ్చిన నాలుగు నేపుల్స్ నవలల్లో పెళ్లి రోజుల నుంచే తన్నులు తినే లీలా ఉంది, నీనో అనే చదువుకున్న అందగాణ్ని చిన్నప్పటి నుంచి దూరం నుంచి ఆరాధించే ఆమె స్నేహితురాలు ఎలెనా ఉంది. ఇది తిరగేసిన పెట్రార్క్. చూసేది, పొగిడేది ఆడమనిషి. బొమ్మలా మెరిసేది మగవాడు. నీనో ఎక్కువసేపు దగ్గరుండి మాట్లాడే కొద్దీ ఆ మెరుపు ఊడిపోతుంది. లారా కూడా బాగా మాట్లాడి ఉంటే పెట్రార్క్ పుస్తకం ఎన్ని పేజీలకు ఆగేదో అనిపిస్తుంది. రచయిత్రి మాత్రం కలం పేరు చాటునే ఉండిపోయింది.

వరసలో ముందే రావలసిన కవిత ఒకటి చివరికి దాచుకున్నాను. కవి ఎవ్జేనియో మోంతాలే భార్య ద్రుసిల్లా తాన్‌జీకి చూపు చాలా తక్కువ. లావు కళ్లద్దాలు పెట్టుకునే ఆమెను ఈగ అని ముద్దుగా పిలిచేవాడు. ఏళ్ల తరబడి కలిసి బతికి 1962లో పెళ్లి చేసుకున్నారు, మరుసటి ఏడాదే ఆమె పోయింది. 1971లో వచ్చిన సంపుటిలో ఆమెకు రాసిన కవితలున్నాయి. నీకు చెయ్యి అందించి కనీసం పది లక్షల మెట్లు దిగాను, ఇప్పుడు నువ్వు లేవు, మెట్టు మెట్టుకీ శూన్యమే అంటాడు. నాలుగు కళ్లు కలిస్తే ఎక్కువ కనిపిస్తుందని కాదట నీతో దిగింది. మనిద్దరిలో నిజమైన కళ్లు, ఎంత మసకబారినా, నీవేనని తెలిసి దిగానంటాడు.