పాతికేళ్ల సెలవులు కొనేముందు పిల్లాడి టైమ్‌టేబుల్ చూడండి

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఓ హోటల్. మొదటి అంతస్తులో ఏసీ హాలు, పదిహేను ఇరవై గుండ్రటి బల్లలు. బల్లకో జంట, జంటకో టై కట్టుకున్న కుర్రాడు. పావుగంటకోసారి ఎవరో గంట కొడతారు, హాలంతా చప్పట్లు మోగుతాయి. అంటే ఏదో బల్ల దగ్గర టైమ్‌షేర్ ఒప్పందం మీద సంతకం పడిందన్నమాట. ముందే డబ్బు కట్టి, ఏటా కొన్ని రాత్రులు రిసార్టులో ఉండే హక్కు కొనుక్కోవడమే టైమ్‌షేర్.

రెండేళ్ల కిందటి సంగతి. మాల్‌లో బట్టలు కొన్నప్పుడు మా ఆవిడ కూపన్ రాసి డబ్బాలో వేసింది. వారం తిరక్కుండా ఫోను. "మీకు గిఫ్ట్ తగిలింది సర్, మేడమ్‌ని కూడా తీసుకురండి, ఇద్దరూ వస్తేనే ఇస్తాం." గంటన్నర అన్నారు, మూడు గంటలు కూర్చోబెట్టారు. సమోసా, కాఫీ, మంచుకొండల వీడియో అయ్యాక కుర్రాడు నన్ను వదిలేసి మా ఆవిడ వైపు తిరిగాడు.

"మేడమ్, సర్ మిమ్మల్ని చివరిసారి ఎప్పుడు బయటికి తీసుకెళ్లారు?"

"మొన్న శ్రావణమాసంలో ద్వారకా తిరుమల వెళ్లొచ్చాం కదా."

కుర్రాడు జాలిగా నవ్వాడు. "అది దర్శనం మేడమ్. హాలిడే కాదు."

ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు ధర. మొదట ఐదున్నర లక్షలన్నారు. నేను లేవబోతే మేనేజర్ వచ్చి నాలుగున్నర చేశాడు, అదీ ఆ సాయంత్రానికే. పాతికేళ్లపాటు ఏడాదికి ఏడు రాత్రులు, దేశమంతటా రిసార్టులు. డబ్బు లేదంటే ఈఎంఐ. నిర్వహణ ఖర్చుల కింద ఏటా కట్టాల్సింది జీఎస్టీతో కలిపి 18,000. ఈ చివరి అంకె నేను అడిగితేనే చెప్పారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. విజయవాడ, గుంటూరుల్లో ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ, బడికెళ్లే పిల్లలున్న ఇంటికి ఇది పనికిరాదు. మోసమని అనడం లేదు. జనం డిపాజిట్లు మునిగిన అగ్రిగోల్డ్ దెబ్బ తిన్న ఊరు కాబట్టి మనకు ఏ స్కీము చూసినా అదే గుర్తొస్తుంది కానీ, ఇది అది కాదు. పేరున్న టైమ్‌షేర్ కంపెనీలకు రిసార్టులు నిజంగానే ఉన్నాయి, గదులు శుభ్రంగానే ఉంటాయి. చొక్కా మంచిదే, మన ఒంటికి కొలత కుదరదు.

లెక్క త్వరగా చూద్దాం. నాలుగున్నర లక్షలు బ్యాంకులో 7 శాతానికి వేస్తే ఏడాదికి వచ్చే వడ్డీ 31,500. దానికి ఏటా కట్టే 18,000 కలిపితే 49,500. ఏడు రాత్రులకు పంచితే రాత్రికి దాదాపు 7,070 రూపాయలు. తిండి ఖర్చు వేరే, రైలు ఖర్చు వేరే. బ్యాంకులో అయితే పాతికేళ్ల తర్వాత అసలు మనదే, ఇక్కడ అసలు కూడా పోతుంది. ఏడు రాత్రుల్లో నాలుగే వాడుకుంటే రాత్రికి 12,000 దాటుతుంది. పైగా ఆ 18,000 అక్కడే ఆగదు. ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్లకు రెట్టింపు. పన్ను సంగతి ఇంకా విచిత్రం. ఈ వార్షిక రుసుము మీద జీఎస్టీ 18 శాతం. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 లోపు హోటల్ గదికి 5 శాతమే. రాత్రికి ఏడు వేలు పెడితే మున్నార్‌లో దర్జాగా ఉండే గది దొరుకుతుంది. నచ్చకపోతే మర్నాడు పొద్దున్నే ఖాళీ చేసి పక్క హోటల్‌కి పోవచ్చు.

"సర్, ఇది ఖర్చు కాదు, ఓనర్‌షిప్" అన్నాడు కుర్రాడు. నాకు నవ్వొచ్చింది. పోరంకిలో నూట యాభై గజాల స్థలం కొనాలంటే మనవాళ్లు ఎంత హడావుడి చేస్తారు! ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు కావాలంటారు, స్థలం మీద తాకట్లేమైనా ఉన్నాయేమోనని ఈసీ తీయిస్తారు, లాయరుకు చూపిస్తారు, సర్వేయర్‌తో హద్దులు కొలిపిస్తారు, వాస్తు సిద్ధాంతిని తీసుకెళ్తారు. ఇంత చేశాక కూడా మంచిరోజు చూసుకునే అడ్వాన్సు ఇస్తారు. అదే మనుషులు సమోసా తింటూ మూడు గంటల్లో పాతికేళ్ల ఒప్పందం మీద సంతకం చేస్తారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గడప తొక్కని ఈ ఆస్తికి పన్ను రసీదు ఉండదు, సర్వే నంబరు ఉండదు. ఇక్కడ ఎక్కువగా అమ్ముతున్నది వాడుకునే హక్కు, అదీ గది ఖాళీ ఉంటే. అమ్ముకోవచ్చుగా అంటారు. ఆన్‌లైన్‌లో సెకండ్‌హ్యాండ్ సభ్యత్వాల ప్రకటనలు ఒక్క సాయంత్రం చూడండి, ఎంతకు దిగొచ్చి అమ్ముతున్నారో తెలుస్తుంది.

డబ్బు లెక్క ఎవరైనా వేసుకోగలరు. నన్ను ఎక్కువగా ఆపేది క్యాలెండరు.

మా పిన్ని కొడుకు గుంటూరు బ్రాడీపేటలో ఉంటాడు. ఎనిమిదేళ్ల కిందట సభ్యత్వం తీసుకున్నాడు, అప్పటికి వాళ్లబ్బాయి నాలుగో తరగతి. మొదటి మూడేళ్లలో కరోనా అడ్డొచ్చింది పోనీ, అది ఎవరి తప్పూ కాదు. రెండుసార్లు వెళ్లారు. ఊటీ బాగుంది, కొడైకెనాల్ ఇంకా బాగుంది, ఫొటోలు మా అందరికీ వచ్చాయి. పిల్లాడు ఏడో తరగతికి రాగానే ఐఐటీ ఫౌండేషన్ మొదలైంది. తొమ్మిదిలో దసరా సెలవులు నాలుగు రోజులకు కుదించారు. పదో తరగతిలో సెలవు మాట ఎత్తితే పాపం. ఇప్పుడు ఇంటర్ రెండో ఏడు. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఏటా ఫిబ్రవరిలో తమ్ముడి మెసేజ్ వస్తుంది: "నైట్స్ మిగిలిపోయాయి, మార్చిలోపు ఎవరైనా వెళ్తారా?" మార్చిలో ఎవరు వెళ్తారు? గ్రూపులో ప్రతి ఇంటికీ ఒక పరీక్ష ఉంది. రెండు దండం బొమ్మలు, ఒక నవ్వు బొమ్మ వస్తాయి, అంతే. మొన్న మార్చిలో వాడే ఫోన్ చేసి, "అన్నయ్యా, నువ్వూ వదినా అయినా వెళ్లి రండి, నేను కట్టిన డబ్బులకు పుణ్యమైనా దక్కుతుంది" అన్నాడు. మాకూ కుదరలేదు.

ఇకముందు లెక్క కూడా కట్టి చూడండి. ఇంటర్ తర్వాత ర్యాంకు రాకపోతే లాంగ్‌టర్మ్ కోచింగ్ ఒక ఏడు. తర్వాత నాలుగేళ్లు బీటెక్, ఏ వెల్లూరులోనో. అప్పుడు వాడి సెలవులు ఇంటర్న్‌షిప్‌కి, స్నేహితులతో గోవాకి. అమ్మానాన్నలతో రిసార్టుకు వచ్చే వయసు కాదు. ఇంతలో పాతికలో సగం అయిపోయింది. మిగతా సగంలో వాడి ఉద్యోగం, అమెరికా, పెళ్లి, కోడలి పురుడుకని వీళ్లు ఆర్నెల్లు డాలస్‌లో. తిరిగొచ్చేసరికి మోకాళ్లు. పాతికేళ్లలో ఇంటిల్లిపాదీ కలిసి నికరంగా వాడుకునే ఏళ్లు ఆరో ఏడో. అవి కూడా అందరూ వెళ్లే మే నెలలోనే.

ఆ మే నెలే పెద్ద చిక్కు. మన బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ ఆఖరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా. ఆంధ్రా, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక అన్నీ కలిసి అదే ఊటీ మీద పడతాయి. టైమ్‌షేర్ కంపెనీలు ఏడాదిని సీజన్లుగా కోసి రంగుల పేర్లు పెడతాయి. అందరికీ కావాల్సిన సీజన్ సభ్యత్వం ధర అన్నిటికన్నా ఎక్కువ. చవకది కొన్నవాళ్లకు మే నెలలో దొరకదు, దొరికిన నెలలో బడి ఉంటుంది. సరే, ఖరీదైనదే కొన్నారనుకుందాం. మంచి రిసార్టు కావాలంటే నెలల ముందే బుక్ చేయాలి. రైలు టికెట్టేమో? 2024 నవంబర్ 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. జనవరిలోనే మున్నార్‌లో గది ఖాయం చేసుకుని, మార్చిలో పొద్దున్నే ఎనిమిదింటికి లాగిన్ అయి కేరళ ఎక్స్‌ప్రెస్‌లోనో, గుంటూరువాళ్లయితే శబరిలోనో నాలుగు బెర్తుల కోసం కుస్తీ పట్టాలి. వెయిటింగ్ లిస్టు వస్తే గది సంగతేంటి? చివరి నిమిషంలో రద్దు చేస్తే ఆ రాత్రులు దక్కుతాయో పోతాయో ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇంతకీ కొనేవాళ్లందరూ అమాయకులా? కాదు. హోటల్ ధరలు ఏటా పెరుగుతాయి, ముందే కట్టేస్తే మేలంటారు. ఆరుగురున్న కుటుంబానికి వంటిల్లుతో రెండు గదుల యూనిట్ హోటల్లో దొరకదంటారు. డబ్బు కట్టేశాం కదా అనైనా ఏటా కదులుతామంటారు. మూడిట్లోనూ కొంత నిజం ఉంది. నాకు తెలిసిన ఓ రిటైర్డ్ బ్యాంకు దంపతులు ఏడు రాత్రులూ పైసా వదలకుండా వాడతారు. పిల్లలు స్థిరపడ్డారు, జులై వానల్లో కూర్గ్ వెళ్లమన్నా వాళ్లకు సరదాయే. అలాంటివాళ్లయినా కొత్తగా కొనడమెందుకు? మా తమ్ముడిలాంటి వాళ్ల దగ్గర మిగిలిన రాత్రులు అడిగితే సరిపోతుంది.

ఇప్పటికే సంతకం పెట్టి బాధపడుతున్నవాళ్లకు ఒక్క మాట. యూరోపియన్ యూనియన్‌లో టైమ్‌షేర్ కొన్న 14 రోజుల్లోపు కారణం చెప్పకుండానే వెనక్కి ఇచ్చేయొచ్చని చట్టమే ఉంది. మనకు దీనికంటూ ప్రత్యేక చట్టం లేదు. మీ ఒప్పందంలో రద్దు గడువు ఉందేమో ఈ రాత్రే వెతకండి, ఉంటే ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపండి. ఇచ్చిన మాట తప్పితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

ఇక ఆ కుర్రాడి మాట. "అది దర్శనం, హాలిడే కాదు."

వాడు చెప్పింది ఎవరి హాలిడే? టైమ్‌షేర్ ఊహ 1960ల్లో యూరప్‌లో పుట్టింది. ఆల్ప్స్ కొండల్లోని ఓ ఫ్రెంచి రిసార్టు పేరు మొదట చెబుతారు. ఫ్రాన్స్‌లో 1936లోనే కార్మికుడికి ఏడాదికి రెండు వారాల జీతంతో కూడిన సెలవు చట్టబద్ధం చేశారు. 1956లో మూడు వారాలు, 1969లో నాలుగు. ముందు సెలవు వచ్చింది, ఆ సెలవులో ఎక్కడికెళ్లాలన్న ప్రశ్న వచ్చింది, దానికి జవాబుగా రిసార్టులో వారం అమ్మారు. మనకు సెలవు రాకుండానే రిసార్టు వచ్చింది. బీసెంట్ రోడ్డు బట్టల షాపులో పొద్దున పదింటికి నిలబడిన అమ్మాయి రాత్రి తొమ్మిదిన్నరకు కూర్చుంటుంది. 2025లో మన రాష్ట్ర ప్రభుత్వం రోజువారీ పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచాలని నిర్ణయించింది. పెట్టుబడులు వస్తాయట. ఆ పదో గంట ఎవరింట్లోంచి తీసుకున్నారో ఎవరూ అడగలేదు.

పెద్దవాళ్ల సంగతి పోనివ్వండి. గుంటూరు మిర్చి యార్డుకు కూడా మే నెలలో దాదాపు నెల రోజులు సెలవులిస్తారు. హమాలీలు ఊళ్లకు పోతారు, మిర్చి టిక్కీలు (బస్తాలు) ఆగిపోతాయి. ఆ యార్డుకు కూతవేటు దూరంలో రేకుల షెడ్డు కింద పదహారేళ్ల పిల్లలు అదే మేలో పొద్దున ఆరింటి నుంచి స్టడీ అవర్‌లో కూర్చుంటారు. వేసవిలో క్లాసులు పెట్టొద్దని ఇంటర్ బోర్డు ఏటా చెబుతుంది, కాలేజీలు ఏటా పెడతాయి, మనం ఏటా ఫీజు కడతాం. ఎండుమిరపకాయకున్న విశ్రాంతి మన పిల్లలకు లేదు. ఆ తప్పు మనల్ని లోపల తొలుస్తూ ఉంటుంది కాబట్టే, ఏసీ హాల్లో మంచుకొండల వీడియో చూడగానే పెన్ను జేబులోంచి దానంతటదే బయటికొస్తుంది.

మేం సంతకం పెట్టలేదు. గిఫ్ట్ మాత్రం ఇచ్చారు, మూడు గిన్నెల ప్లాస్టిక్ సెట్టు. ఈ ఏడాది జనవరిలో, శనివారం మధ్యాహ్నం ఉన్నట్టుండి బయల్దేరి సూర్యలంక వెళ్లాం. గుంటూరులో ఆగి తమ్ముడి ఇంట్లో భోంచేసి, బాపట్ల చేరేసరికి చీకటి పడింది. ఆదివారం పొద్దున మా అబ్బాయి మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి అలలు లెక్కపెడుతున్నాడు. నిజంగానే లెక్కపెడుతున్నాడు, ఏడో అల పెద్దదొస్తుందని ఎవరో చెప్పారట. అప్పుడే నా ఫోన్ మోగింది. కాలేజీ నుంచి మెసేజ్: "డియర్ పేరెంట్, మీ అబ్బాయి ఈరోజు వీకెండ్ టెస్టుకు గైర్హాజరు. రేపు క్యాంపస్ ఇన్‌ఛార్జిని కలవగలరు."

"ఎవరు నాన్నా?" అని అరిచాడు నీళ్లలోంచి.

"ఎవరో, హాలిడే ఆఫరట" అన్నాను.