తెలిసే వెళ్లారు కదా, అంటే సరిపోతుందా?

కొందరిని కెమెరాల మధ్య ఒక ఇంట్లో వారాలపాటు ఉంచి, జనం ఓట్లతో ఒక్కొక్కరినే బయటికి పంపే టీవీ షో బిగ్‌బాస్ గురించి ఎక్కడ నోరు విప్పినా నాకు ఎదురయ్యే మాట ఒకటే. "వాళ్లు తెలిసే వెళ్లారు కదా, డబ్బు తీసుకునే వెళ్లారు కదా, ఇక జాలి దేనికి?" పెళ్లి భోజనాల దగ్గరా ఇదే, ఆఫీసులో టీ తాగే దగ్గరా ఇదే. చిత్రమేమిటంటే, ఈ మాట అనేవాళ్లలో చాలామంది రాత్రి భోజనాలు కాగానే రిమోట్ పట్టుకుని కూర్చునేవాళ్లే. నేనూ కూర్చుంటాను. 2017లో ఎన్టీఆర్ హోస్ట్‌గా, లోనావాలాలో వేసిన ఇంట్లో జరిగిన మొదటి సీజన్ నుంచీ చూస్తున్నాను. కాబట్టి చూడనివాళ్లు చూసేవాళ్లకు చేసే నీతిబోధ అనుకోకండి. ఇష్టంగా చూస్తూనే లోపల ఏదో గుచ్చుకుంటున్న మనిషి గోడు ఇది.

ముందు ఇష్టం సంగతే చెబుతాను. ఇలాంటి పోస్టుల్లో దాన్ని దాచేసి పెద్దమనిషి వేషం కట్టడం మామూలైపోయింది.

2020లో నాలుగో సీజన్‌లోకి గంగవ్వ వెళ్లింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి అవ్వ, యూట్యూబ్‌లో 'మై విలేజ్ షో'తో పేరు తెచ్చుకున్న మనిషి. ఆ వయసు పల్లెటూరి ఆడమనిషికి మన టీవీలో దొరికే చోటు ఎంత? సీరియల్లో రెండు మాటలు చెప్పి వెళ్లిపోయే పనిమనిషి, లేదా కామెడీ స్కిట్‌లో చీర కట్టుకుని నవ్వించే మగవాడు ఎగతాళి చేయడానికి ఒక నమూనా. అలాంటిది అందరూ టీవీ ముందుండే వేళ, ఒక అవ్వ తన యాసను ఇసుమంత కూడా మార్చుకోకుండా, ఎవరూ రాసివ్వని మాటలు మాట్లాడింది. ఆరోగ్యం సహకరించక కొన్ని వారాలకే తనంతట తాను బయటికి వచ్చేసింది. సొంతిల్లు కావాలన్న ఆమె కోరికకు హోస్ట్ నాగార్జున సాయం చేస్తానన్నారు, ఆమె ఇల్లు కట్టుకుంది కూడా. 2023లో సిద్దిపేట జిల్లా కొల్గూరు నుంచి పల్లవి ప్రశాంత్ 'రైతుబిడ్డ'నని చెప్పుకుంటూ వెళ్లి ఏకంగా ట్రోఫీ గెలిచాడు. 2025లో 'అగ్నిపరీక్ష' అని విడిగా ఒక వడపోత పెట్టి సామాన్యులను లోపలికి పంపారు. వెనక ఎవరో ఒకరు లేనిదే తెర మీద ముఖం కనిపించని మన వినోద రంగంలో, ఈ మాత్రం దారి తెరిచిన కార్యక్రమం ఇంకొకటి చూపించండి. అందుకే దీన్ని మూసేయాలని గొంతు చించుకునేవాళ్లతో నేను కలవలేను.

ఇక ఆ 'తెలిసే వెళ్లారు' సంగతి. అందులో నిజం లేకపోలేదు. ఇన్ని సీజన్లు గడిచాక ఆ ఇంట్లో ఏమి జరుగుతుందో తెలియక అడుగుపెట్టే అమాయకులు ఎవరూ ఉండరు. ఫోను ఉండదు. గడియారం ఉండదు. పగలు కునుకు తీస్తే కుక్క అరుపులు వినిపిస్తాయి. రేషన్ దగ్గర, కాఫీ పొడి దగ్గర, గుడ్ల దగ్గర కొట్లాటలు. ఎవరు బయటికి పోవాలో పేర్లు చెప్పే నామినేషన్ల రోజు తోటివాళ్లు ముఖం మీదే తప్పులు ఏకరువు పెడతారు. ఒక సీజన్‌లో అయితే చెత్త సంచులు తెచ్చి మరీ పారేయించారు. ఇవన్నీ తెలుసు, తెలిసే సంతకం పెడతారు. అయితే వాళ్లకు తెలిసింది కెమెరాల సంగతే, ఎడిటింగ్ గదిలో ఏమి జరుగుతుందో ముందే తెలిసే వీలే లేదు. రోజంతటిలోంచి గంట తీస్తారు. ఆ గంటలో తాను కోపిష్టిగా తేలతాడో, కుట్రలు చేసేవాడిగా తేలతాడో, ఎవరి వెనకో తిరిగేవాడిగా తేలతాడో లోపలున్న మనిషికి తెలిసేది బయటికి వచ్చి ఫోను చేతిలోకి తీసుకున్నాకే. ఇంట్లో జరిగేది లైవ్‌గా చూసే వీలు ఉంది కదా అంటారు. పగలంతా లైవ్ చూసే తీరిక ఎవరికుంది? ఇంటివాళ్లు చూసేది రాత్రి ఎపిసోడ్, చుట్టాలు చూసేది ప్రోమో. ప్రోమోలో ఒకరు ఏడుస్తూ లేస్తే, మరుక్షణం ఇంకొకరు నవ్వుతున్నట్టు కనిపిస్తారు. రాత్రి పూర్తిగా చూస్తే ఆ ఏడుపు పొద్దునది, ఆ నవ్వు సాయంత్రానిది. అప్పటికే సాయంత్రం నుంచి ఆ నవ్విన మనిషిని జనం ఉతికి ఆరేసి ఉంటారు.

నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ఫ్యామిలీ వీక్. చిక్కు ఏమిటంటే, నాకు అన్నిటికంటే నచ్చేది కూడా అదే.

చూసేవాళ్లకు తెలిసిందే. సీజన్ చివరికి వస్తుండగా ఇంటివాళ్లను ఒక్కొక్కరినే లోపలికి పంపుతారు. బిగ్‌బాస్ గొంతు 'ఫ్రీజ్' అంటుంది. ఎవరు ఎలా ఉన్నవాళ్లు అలా ఆగిపోవాలి, చేతిలో గరిటె ఉంటే గరిటెతోనే. తలుపు తెరుచుకుంటుంది. తల్లి వస్తుంది. ఎటు చూడాలో తెలియక, కొంగు సర్దుకుంటూ, బెరుకుగా. కొడుకు ఎదురుగానే ఉంటాడు, కానీ కదలకూడదు. కళ్లు నిండిపోతాయి, గడ్డం వణుకుతుంది, ముక్కు కారుతున్నా తుడుచుకోకూడదు. ఆమె దగ్గరికి వచ్చి రెండు చేతులతో ముఖం పట్టుకుని "ఇంత చిక్కిపోయావేమిటి నాన్నా" అంటుంది. అయినా వాడి చేతులు పైకి లేవవు. 'రిలీజ్' అన్న మాట వచ్చేదాకా అంతే. ఆ మాట ఎప్పుడు రావాలో, తెర వెనక కూర్చుని తెరలు చూసుకుంటున్న ఎవరో నిర్ణయిస్తారు. ఇంకొంచెం ఆగుదాం, ఇంకొంచెం ఆగుదాం అనుకుంటారు కాబోలు. మా ఇంట్లో ఆ ఎపిసోడ్‌కు అందరం ఏడుస్తాం. మా అత్తయ్య అయితే టీవీతోనే మాట్లాడతారు, "ఇక వదలండయ్యా పిల్లాణ్ని" అని. తిట్టేది బిగ్‌బాస్‌ను, కానీ ఛానల్ మార్చనివ్వరు. నేనూ మార్చను. ఆ తల్లి ప్రేమ నిజం, వాడి ఏడుపు నిజం, మా ఏడుపూ నిజమే. అంత నిజాన్ని పిండి తీయడానికి ఒక మనిషిని తల్లి ముందు బొమ్మలా నిలబెట్టడం సబబేనా అని ఎపిసోడ్ అయిపోయాక అనిపిస్తుంది. అయ్యేదాకా మాత్రం అనిపించదు. వాళ్లకు కావలసిందీ అదే.

అదే వారానికి సంబంధించిన ఇంకో ఘట్టం. ఐదో సీజన్‌లో ఒక అమ్మాయి తల్లి లోపలికి వచ్చి, కూతురు తోటి ఆటగాడిని హత్తుకోవడం తనకు నచ్చడం లేదని అందరి ముందే చెప్పేశారు. పాపం, ఆ తల్లిని తప్పుపట్టను. చుట్టుపక్కలవాళ్ల మాటలు ఆమెకే తెలియాలి. నేను ఆలోచించింది వేరే. కన్న కూతురిని ఆమె కూడా ఎడిట్ చేసిన గంటలోనే చూస్తోంది. ఇన్నేళ్లు పెంచిన పిల్ల గురించి కూడా, ఆ వారాలపాటు ఆమెకు తెలిసింది ఛానల్ చూపించినంతే. కని పెంచిన తల్లికే అలా అయితే, ఆ అమ్మాయి ముఖం మొదటిసారి చూసిన నాలాంటివాళ్లు ఎంత తేలిగ్గా తీర్పు చెప్పేస్తారో ఊహించండి. ఆ తీర్పులు ఎప్పుడూ ఆడపిల్లల మీదే బరువుగా పడతాయి. అదే కౌగిలి మగవాడి ఖాతాలో స్నేహం కిందికి, అమ్మాయి ఖాతాలో నడవడిక కిందికి వెళుతుంది. మాటకు మాట చెప్పే అబ్బాయి మగాడు, అమ్మాయి నోటిదురుసుది. ఈ జబ్బు బిగ్‌బాస్ పుట్టించింది కాదు, మన ఇళ్లలోనే ఉంది. దానికి ప్రతి రాత్రీ కొత్త ముఖం అందించడం మాత్రం వ్యాపారం.

అభిమానుల సంగతి చూడండి. 2018లో రెండో సీజన్‌లో ఆటగాడు కౌశల్ పేరు మీద అభిమానుల 'ఆర్మీ' తయారైనప్పుడు అందరం ముచ్చటపడ్డాం. ఆ సీజన్‌కు హోస్ట్‌గా ఉన్న నాని కూడా పక్షపాతం చూపిస్తున్నాడన్న తిట్లు పడాల్సి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి సీజన్‌కూ సైన్యాలే. అవి ఎక్కడిదాకా పోతాయో 2023 డిసెంబరు 17న ఫైనల్ రాత్రి, హైదరాబాద్‌లో షో జరిగే అన్నపూర్ణ స్టూడియోస్ బయట తెలిసింది. ప్రశాంత్ గెలిచాడు, అమర్‌దీప్ రన్నరప్. బయట అభిమానులు ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టారు, అమర్‌దీప్ కారు మీద పడ్డారు. లోపల అతని కుటుంబం ఉంది. కార్లో ఉన్న ఆడవాళ్లకు ఆటలో ఎవరు ఎవరిని నామినేట్ చేశారన్న లెక్కతో ఏమి పని? పోలీసులు వద్దన్నా ఊరేగింపు చేశాడని ప్రశాంత్ మీద కేసు పెట్టారు, మూడు రోజులకే అరెస్టు చేశారు, తర్వాత బెయిలు మీద బయటికి వచ్చాడు. చట్టం దాని పని అది చేసింది, అతని తప్పు ఎంతో కోర్టులే చూసుకుంటాయి. నా లెక్క వేరు. వారాలపాటు ఆ ఇద్దరి మధ్య గొడవనే ప్రోమోల్లో తిప్పితిప్పి చూపించి, ఎవరి పక్షమో తేల్చుకోమని జనాన్ని రెచ్చగొట్టినవాళ్లకు ఆ రాత్రి ఏ ఇబ్బందీ కలగలేదు. మనిషి జైలుకు వెళ్లాడు, సీజన్ హిట్టయింది. మరుసటి ఏడాది ఫైనల్‌కు పోలీసులు ముందే ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది.

మన దగ్గర ఈ షో మీద చర్చ జరగదా అంటే, బోలెడు జరుగుతుంది. సీపీఐ నారాయణ గారు ప్రతి సీజన్‌కూ విరుచుకుపడతారు. 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనూ దీని మీద వాదనలు నడిచాయి. అన్నిచోట్లా గొడవ అశ్లీలం చుట్టూనే. చూసేవాళ్లు చెడిపోతారా, పిల్లలు పాడైపోతారా, సంస్కృతి ఏమైపోతుంది. లోపలున్న మనిషి ఏమైపోతాడన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టదు. బ్రిటన్‌లో 2019లో జెరెమీ కైల్ షో అనే టీవీ కార్యక్రమంలో పాల్గొన్న ఒక వ్యక్తి చనిపోతే, ఆ షోనే ఎత్తేశారు. అక్కడి మరో రియాలిటీ షో లవ్ ఐలాండ్‌లో పాల్గొన్నవాళ్ల మరణాల మీదా పెద్ద చర్చ జరిగింది. 2021లో అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్, పాల్గొనేవాళ్ల క్షేమం చూసుకోవడం ఛానళ్ల బాధ్యతేనని నిబంధనల్లో చేర్చింది. అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు. కనీసం ప్రశ్న సరైన చోట వేశారు.

పిల్లల పోటీల దగ్గర 'తెలిసే వెళ్లారు' అన్న వాదన పూర్తిగా కూలిపోతుంది. పాటల పోటీలో ఎనిమిదేళ్ల పిల్ల ఎలిమినేట్ అయి ఏడుస్తుంటే ఆ ముఖం మీదికి కెమెరా జూమ్ చేయడానికి ఎవరు ఒప్పుకున్నట్టు? బాల కళాకారులతో రోజుకు అయిదు గంటలకు మించి పని చేయించకూడదని, సంపాదనలో 20 శాతమైనా వాళ్ల పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలని 2017 నాటి నియమాలు చెబుతున్నాయి. మంచిదే. ఆ ఏడుపును ఎన్నిసార్లు స్లో మోషన్‌లో వేయవచ్చో మాత్రం వాటిలో లేదు.

డబ్బు గురించి కూడా ఒక మాట. 2023లో ఒక డాన్స్ పోటీ కార్యక్రమంలో పనిచేసిన యువ నృత్య దర్శకుడు అప్పుల బాధతో ప్రాణాలు తీసుకున్నాడు. ఆ షో తనకు పేరు తెచ్చిందే తప్ప తగిన సంపాదన ఇవ్వలేదని చివరి వీడియోలో అన్నాడు. ఒక మరణానికి ఒకే కారణం అంటగట్టడం నాకు ఇష్టం లేదు. కానీ తెర మీద అంత వెలుగులో కనిపించిన మనిషికి రాబడి బాగా ఉంటుందని మనమంతా అనుకుంటాం. అప్పులవాళ్లూ అలాగే అనుకుంటారు.

నేను అడిగేవి గొంతెమ్మ కోరికలేమీ కావు. బయటికి వచ్చిన ప్రతి మనిషికీ ఛానల్ ఖర్చుతో కొన్ని నెలలపాటు మానసిక వైద్యుల సాయం అందాలి, మొదటి వారంలోనే వెళ్లిపోయినవాళ్లకు కూడా. ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయో వారం వారం తెర మీద వేయండి, పోటీ అంటున్నారు కదా. ఒక గొడవను ఎపిసోడ్‌లో వేస్తే, దాని ముందు వెనకల పూర్తి ఫుటేజీ అందులో ఉన్నవాళ్లు అడిగితే ఇవ్వండి. నాగార్జున గారు శనివారం నాడు వీడియో వేసి ఒకరిని నిలదీసినప్పుడు, అవతలివాళ్లు చేసిన పని కూడా అదే వీడియోలో ఉండాలి. ఫ్యామిలీ వీక్ ఉండనివ్వండి, 'ఫ్రీజ్' తీసేయండి. తల్లిని చూడగానే పరుగెత్తుకెళ్లే కొడుకును చూసినా మేము ఏడుస్తాం, మీ రేటింగ్ ఎక్కడికీ పోదు.

వచ్చే సీజన్ కూడా చూస్తాను, మా అత్తయ్య పక్కనే కూర్చుని. ఓటు కూడా వేస్తాను. ఈ పోస్టు చదివి, చూస్తూనే ఈ మాటలేమిటని నన్ను తిట్టాలనుకుంటే కింద కామెంట్లు తెరిచే ఉన్నాయి, ఇక్కడే తిట్టండి. ఎలిమినేట్ అయి నిన్ననే ఇంటికి చేరిన ఏ అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్‌లోకో వెళ్లి వాళ్లమ్మ ఫోటో కింద మాత్రం రాయకండి.