జడత్వాన్ని తగ్గిస్తారట, దేనితో పోల్చి?

యూఎఫ్ఓలు ఏ సూత్రంతో ఎగురుతాయన్న చర్చ మా శ్రీకాకుళంలో ఇంజినీరింగ్ చదివే కుర్రాళ్ల మధ్య ఎప్పుడూ ఆగదు. ఆ కుర్రాళ్లే ఆ ఊహలతో ఆటగాడు ఎక్కడికైనా తిరగగలిగే పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్ చేద్దామని బయలుదేరి, మెనూ స్క్రీన్ దాటకుండానే వదిలేస్తుంటారు. ఈ రెండూ ఒకే లోపం అని నా అభిప్రాయం. ఊహించిన ఇంజిన్‌కు ఒక సమీకరణం రాసేవరకూ అది ఎలా పనిచేస్తుందో తెలియదు. అలాగే గేమ్‌లో ఆటగాడి చేతికి ఏ ఒక్క మీట ఇస్తున్నామో తేల్చేవరకూ ఆ గేమ్ ఎంత పెద్దదో తెలియదు.

ముందు అంకెలు చూద్దాం. 2004 నవంబరులో కాలిఫోర్నియా తీరానికి దూరంగా నిమిట్జ్ విమానవాహక నౌక బృందం విన్యాసాలు చేస్తున్నప్పుడు, ఒక వస్తువు 28,000 అడుగుల ఎత్తు నుంచి సముద్ర మట్టానికి 0.78 సెకనులో దిగిందని అక్కడి రాడార్ ఆపరేటర్ తరువాత చెప్పాడు. సగం దూరం వేగం పెంచుకుంటూ, మిగతా సగం తగ్గించుకుంటూ వచ్చిందనుకున్నా, త్వరణం భూమ్యాకర్షణకు సుమారు 5,700 రెట్లు అవుతుంది. శిక్షణ పొందిన యుద్ధవిమాన పైలట్ తట్టుకోగలిగేది తొమ్మిది రెట్ల వరకే. ఆ సాక్ష్యం నిజమా కాదా అన్నది వేరే వాదన. నిజమని నమ్మేవాళ్లు మాత్రం ఈ లెక్కకు సమాధానం చెప్పాలి.

వాళ్లు చెప్పే సమాధానాల్లో చాలావాటికి ఎక్కువసేపు వెచ్చించనక్కర్లేదు. కాంతిని వెనక్కి వదిలి ముందుకు పోవాలంటే ఒక్క న్యూటన్ బలానికి 300 మెగావాట్ల శక్తి కావాలి. ఏమీ వదలకుండానే కదులుతుందన్న ఎమ్‌డ్రైవ్ అనే ఇంజిన్‌లో కిలోవాట్‌కు 1.2 మిల్లీ న్యూటన్ల బలం కనిపించిందని 2016లో నాసా బృందం ఒకటి ప్రచురించింది. 2021లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు ఇంకా జాగ్రత్తగా కొలిచేసరికి అది వేడి వల్ల పరికరంలో వచ్చిన తేడా అని తేలింది. 1994లో అల్కుబియర్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించిన వార్ప్, అంటే చుట్టూ ఉన్న స్థలాన్నే వంచి ప్రయాణించడం, గణితపరంగా అందమైనదే గానీ, దానికి రుణాత్మక శక్తి, అంటే శూన్యం కంటే తక్కువ శక్తి, కావాలి.

నన్ను నిజంగా ఆకర్షించేది జడత్వాన్ని, అంటే వేగంలో మార్పును ఎదిరించే గుణాన్ని, తగ్గించే వాహనం. నేను చేస్తున్న చిన్న గేమ్ కూడా దాని మీదే. అలాంటి దానికి 2018లో అమెరికా నౌకాదళం పేరిట పేటెంట్ కూడా మంజూరైంది. (పేటెంట్ వచ్చినంత మాత్రాన అది పనిచేస్తుందని కాదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా వినరు.) కోడ్‌లో ఇది ఒక్క వరుస: ద్రవ్యరాశి అన్న చరరాశిని పదో వంతు చేస్తే చాలు. చేశాక ఏం జరుగుతుందన్నదే అసలు సంగతి.

ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) మారకూడదని నియమం పెట్టామనుకుందాం. 1,000 కిలోల వాహనం సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతోంది. ద్రవ్యరాశిని 100 కిలోలకు దించగానే వేగం 100 మీటర్లవుతుంది. గతిశక్తి 50 కిలోజౌళ్ల నుంచి 500కు చేరుతుంది. ఆ 450 కిలోజౌళ్లూ బ్యాటరీ ఇచ్చుకోవాలి. ద్రవ్యరాశిని తిరిగి పెంచినప్పుడు అంతా వేడిగా బయటికొచ్చి వాహనం పైతొడుగును కాలుస్తుంది. ఒక మీట, ఒక బ్యాటరీ, ఒక ఉష్ణోగ్రత ముల్లు. ఇంతకంటే ఆటకు ఏం కావాలి?

అయితే ఆ వేగాన్ని కొలిచింది ఎక్కడి నుంచి? కళింగపట్నం తీరాన వాహనం కదలకుండా నిలబడి ఉందనుకోండి. నేలతో పోలిస్తే దాని వేగం సున్నా కాబట్టి మీట తిప్పినా ఏమీ కాదు. భూమి కేంద్రంతో పోలిస్తే అదే వాహనం భూభ్రమణం వల్ల సెకనుకు సుమారు 440 మీటర్ల వేగంతో తూర్పుకు పోతూనే ఉంది. ద్రవ్యరాశి పదో వంతు కాగానే 4,400 అయి, బంగాళాఖాతం మీదుగా విసిరేసినట్టు వెళ్లిపోవాలి. సూర్యుడితో పోలిస్తే సెకనుకు 30 కిలోమీటర్లు కాస్తా 300 అవుతుంది. ఒకే మీటకు ముగ్గురు పరిశీలకులు మూడు ఫలితాలు చెబుతారు. అంటే ఈ నియమం ఎవరో ఒకరి పక్షం వహించాలి, గెలీలియో కాలం నుంచి భౌతికశాస్త్రం ఒప్పుకోనిదే అది. పోనీ వేగాన్ని అలాగే ఉంచి ద్రవ్యరాశిని మాత్రమే మారుద్దామంటే, తేలికగా ఉన్నప్పుడు కొంచెం తోసి వేగం సంపాదించి, ఆ తరువాత బరువు పెంచుకుంటే ద్రవ్యవేగం శూన్యం నుంచి పుట్టుకొస్తుంది. యూఎఫ్ఓల గురించి గంటల తరబడి సాగే వీడియోల్లో ఈ ప్రశ్న వేసినవాళ్లు నాకు కనబడలేదు. ప్రోగ్రామ్ రాసేవాడు మాత్రం మొదటి సాయంత్రమే దీన్ని ఎదుర్కొంటాడు, ఎందుకంటే వేగం దేనితో పోల్చినదో రాయకపోతే కోడ్ నడవదు.

నా గేమ్‌లో నేలనే ఆధారంగా తీసుకున్నాను. ప్రకృతికి ఆ స్వేచ్ఛ లేదు, నాకుంది. శాలిహుండం కొండ నుంచి వంశధార వెంబడి కళింగపట్నం దీపస్తంభం దాకా పైనుంచి కనిపించే ద్విమితీయ పటం, ఒక వాహనం, పైన చెప్పిన ఒక్క నియమం. అరసవల్లి పెట్టమని, శ్రీకూర్మం పెట్టమని, తేలినీలాపురం పక్షులను కూడా చూపించమని మిత్రులు ప్రేమగా అడుగుతున్నారు. ఒక్కొక్క ఊరికీ బొమ్మలు, శబ్దాలు, పరీక్షలు కలిపితే ఎంత పనో వాళ్లకు తెలియదు. ఒక కొత్త ప్రదేశం వల్ల ఆ మీట వాడకంలో కొత్త ఇబ్బంది పుడితేనే అది పటంలోకి వస్తుంది. నది వంపులు అందుకే ఉన్నాయి: తేలికైన వాహనం వంపు దగ్గర తిరగాలంటే ముందుగానే బరువెక్కాలి, బరువెక్కితే వేడెక్కుతుంది.

గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గోడో ఉచితం, గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో పెట్టడానికి 100 డాలర్లు కడితే చాలు. కాబట్టి ఇక్కడ కొరత డబ్బు కంటే ఎక్కువగా ఉద్యోగం అయ్యాక మిగిలే సాయంత్రాలది. మల్టీప్లేయర్ ఎప్పుడని అడిగేవారికి: ఉండదు. నెట్‌వర్క్ కోడ్ ఒక్కటే మిగతా గేమంతటి కంటే పెద్దదవుతుంది. గ్రహాంతర వాసుల కథ కూడా ఉండదు, వాహనం ఎవరిదో చెప్పను. వేడి ముల్లు ఎరుపులోకి వెళ్లాక ఎంతసేపు బతకనివ్వాలన్నది మాత్రం ఇంకా తేలలేదు; దాని మీద మీ అభిప్రాయం చెప్పండి.