సర్వర్ పెట్టారు సరే, చూసేదెవరు?

జీఎస్టీ వచ్చాక మన ఊళ్లలో ఆడిటర్ ఆఫీసులు, హోల్‌సేల్ కొట్లు చాలావరకు ఒకే బాట పట్టాయి. మూలన ఒక విండోస్ సర్వర్, అందులో లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ, ఇంటి నుంచో బ్రాంచి నుంచో దాన్ని తెరిచి వాడుకునే రిమోట్ డెస్క్‌టాప్‌లో లాగిన్. మంచి ఏర్పాటే. లెక్కలన్నీ ఒక్కచోట ఉంటాయి, పాత కంప్యూటర్‌తోనూ పని జరిగిపోతుంది. నా గొడవల్లా ఒక్కటే. సర్వర్ పెట్టిన రోజు అడిగినంత ఇస్తాం. మర్నాటి నుంచి దాన్ని చూసుకోవడానికి పైసా తియ్యం.

పెట్టడం పూట పని. రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్‌కి దారి అయిన 3389 పోర్ట్ తెరిచి, బయటి నుంచి లాగిన్ చేసి చూపించి, టీ తాగి వెళ్లిపోతారు. తర్వాత ఎప్పుడైనా విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ లాగ్, అంటే లాగిన్ల చిట్టా, తెరిచి చూడండి. 4625 నంబరుతో వరసకు వరస కనిపిస్తుంది. అవన్నీ విఫలమైన లాగిన్లు. అడ్మినిస్ట్రేటర్, అడ్మిన్, టెస్ట్, యూజర్ అంటూ అర్ధరాత్రి ఎక్కడి నుంచో ఒక ప్రోగ్రాం పేర్లు మార్చి మార్చి ప్రయత్నిస్తూనే ఉంటుంది. పోర్ట్ నంబరు మార్చేశాంగా అంటారు కొందరు. తెరిచి ఉన్న పోర్టుల్ని వెతికే స్కానర్ ప్రోగ్రాంకి ఆ కొత్త నంబరు పట్టుకోవడం ఎంతసేపు? ఇక లోపల అయిదుగురికీ ఒకే అడ్మినిస్ట్రేటర్ ఖాతా, పాస్‌వర్డేమో మానిటర్‌కి అంటించిన చీటీ మీద. బ్యాకప్ హార్డ్‌డిస్క్ ఏడాది పొడుగునా అదే సర్వర్‌కి తగిలించే ఉంటుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్‌సమ్‌వేర్ వస్తే లెక్కలూ బ్యాకప్పూ ఒకే దెబ్బకి పోతాయి.

‘మాలాంటి చిన్న కొట్టు జోలికి ఎవడొస్తాడండీ, లైసెన్సులకే తడిసి మోపెడవుతోంది’ అంటారు. ఖర్చు మాట నిజమే. నిర్వహణ కోసం వాడే ఇద్దరి లాగిన్ దాటితే ఒక్కొక్కరికీ లైసెన్సు కొనాలి, ఆ లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చే 120 రోజుల గడువు ఇట్టే అయిపోతుంది. కానీ ఎవరి ఖాతా వాళ్లకివ్వడానికి, తప్పు పాస్‌వర్డ్ పదిసార్లు కొడితే ఖాతా లాక్ అయ్యేలా పెట్టడానికి, 3389 మూసేసి వీపీఎన్ అనే రక్షిత దారి ద్వారానే రానివ్వడానికి పెద్దగా ఖర్చవదు. పైగా వెతికేది మనిషి కాదు, ప్రోగ్రాం. దానికి కొట్టు చిన్నదా పెద్దదా అన్న లెక్క లేదు. 2019లో రిమోట్ డెస్క్‌టాప్‌లో బ్లూకీప్ అనే లోపం బయటపడితే, ఎప్పుడో వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్, అంటే లోపాన్ని పూడ్చే అప్‌డేట్, ఇచ్చింది. ఇచ్చారు సరే, వేసుకునేవాడుండాలిగా!

అసలు జబ్బు ఇక్కడే ఉంది. మనకు ప్రారంభోత్సవాల మోజు. రోడ్డుకైనా, ఆస్పత్రి స్కానింగ్ మిషన్‌కైనా, ప్రభుత్వ పోర్టల్‌కైనా రిబ్బన్ కటింగ్ ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. ప్యాచ్ వేసినవాడికి ఫొటో ఉండదు. సైటు భద్రతా సర్టిఫికెట్ గడువు దాటిందని బ్రౌజర్ హెచ్చరించే సర్కారీ సైటు మీకెప్పుడూ తగల్లేదా? సైబర్ దాడి జరిగితే 6 గంటల్లో తెలియజేయాలని, లాగ్‌లు 180 రోజులు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లోనే ఆదేశించింది. 6 గంటల్లో చెప్పాలంటే ముందు మనకు తెలియాలి కదా! సైజు మార్చకుండా వదిలేసిన లాగ్, దాడి జోరుగా ఉంటే కొద్ది రోజులకే నిండిపోయి పాతవన్నీ చెరిగిపోతాయి.

ప్యాచ్‌లు నెలనెలా రెండో మంగళవారం వస్తాయి. అవి ఎవరు వేస్తారు, బ్యాకప్ నిజంగా తెరుచుకుంటోందో లేదో నెలకోసారి ఎవరు చూస్తారు, మానేసిన గుమస్తా ఖాతా ఎవరు తీసేస్తారు? ఈ మూడూ పేర్లతో సహా రాయని ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కాగితం మీద సంతకం పెట్టకండి.