సెల్లారు మూలనున్న నీలి డబ్బా గారికి

మహారాజశ్రీ నీలి డబ్బా గారి సముఖమునకు,

20 ఫ్లాట్ల వాస్తవ్యులు చేయు విన్నపములు. ఉభయకుశలోపరి. మేమంతా క్షేమం. తమరు క్షేమంగా లేరని, తమ మూత ఊడి లిఫ్టు పక్క గోడకు ఆనించి ఉండటం చూస్తేనే తెలుస్తోంది. ఆ మూత ఎవరు ఊడగొట్టారని మాత్రం అడక్కండి. ఈ బిల్డింగులో ఎవరూ ఏదీ చేయరు. అన్నీ వాటంతటవే జరుగుతుంటాయి.

తమ పొట్ట మీద 'పొడి చెత్త' అని తెల్లటి అక్షరాలున్నాయి. అంటే కాగితం, అట్ట, ప్లాస్టిక్, రేకు డబ్బాలు. తమ కుడిపక్క ఆకుపచ్చ వారిది తడి ఖాతా. 2016 ఏప్రిల్‌లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లో ఎక్కడి చెత్తను అక్కడే తడి, పొడి, ప్రమాదకరం అని విడదీయాలని స్పష్టంగా రాశారు. ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో ఇంటింటికీ ఆకుపచ్చదొకటి, నీలిదొకటి ఉచితంగా పంచారు. తమ చుట్టాల్లో చాలామంది ఆ తర్వాత ఉద్యోగం మారి, వంటింట్లో బియ్యం డబ్బాలుగా, బాత్‌రూముల్లో నీళ్ల డ్రమ్ములుగా స్థిరపడ్డారు. అదృష్టవంతులు. తమరొక్కరే సర్వీసులో మిగిలారు.

ఇక అసలు విషయం. రాత్రి పదకొండు దాటాక తమలోకి దిగే ఒక నల్ల కవరును విప్పి చూద్దాం. రెండు ముళ్లు. లోపల బిర్యానీ టబ్బు, దాని అడుగున రెండు చెంచాల సాలన్, సగం పిండిన రైతా పొట్లం, ఎముకలు, నిమ్మచెక్క, కూల్‌డ్రింక్ సీసా, కర్రీ పాయింట్ నుంచి వచ్చి రబ్బరు బ్యాండు కూడా విప్పించుకోని సాంబారు కవరు ఒకటి. ఆ టబ్బును తిరగేస్తే అడుగున త్రిభుజంలో 5 అని ఉంటుంది. పాలీప్రొపిలీన్ రకం ప్లాస్టిక్. కరిగించి మళ్లీ వాడుకోదగ్గ సరుకు. సీసా మీద 1 ఉంటుంది. అది పెట్ అనే రకం. పాత సామాన్లవాడు కళ్లకద్దుకునే రకం. ఇద్దరూ మంచి కుటుంబాల నుంచి వచ్చినవాళ్లే. సాంబారు కవరు తెల్లవారేలోగా చిట్లి, తమ అడుగునున్న వారం రోజుల న్యూస్‌పేపర్ల మీదకు దిగుతుంది.

ఇక్కడ నష్టం ప్లాస్టిక్‌కు కాదు. దాన్ని కడిగితే తేటపడుతుంది. కాగితాన్ని కడగలేం. నూనె తాగిన కాగితాన్ని నీళ్లలో గుజ్జు చేస్తే ఆ నూనె పీచును వదలదు, తయారయ్యే కొత్త కాగితంలో మరకై తేలుతుంది. అందుకే పాత పేపర్ల దుకాణంలో పేపరుకు ఒక రేటు, అట్టకు ఒక రేటు ఉంటాయి గానీ, సాంబారు పేపరుకు రేటే ఉండదు. పిజ్జా పెట్టెదీ ఇదే కథ. మూత శుభ్రంగా ఉంటే చింపి తమకు, జిడ్డు పట్టిన అడుగు ముక్కలు చేసి ఆకుపచ్చ వారికి. ఒక్క చింపు పని. ఆ ఒక్క చింపు దగ్గరే 20 సంసారాలు ఆగిపోయాయి.

వాసన సంగతి. అది తమ ఒంటి వాసనని మొదటి అంతస్తువారు సంతకాలు సేకరిస్తున్నారు. తమ తప్పేమీ లేదు. కవరు ముడి బిగిస్తే లోపలికి గాలి ఆడదు. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులకు పండగ. కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాటి పుణ్యమే. దీనికి తోడు ఈగ. ఎండాకాలంలో ఈగ గుడ్డు పెడితే ఒక్క రోజులోపే పురుగు బయటికొస్తుంది. చెత్త ఆటో రాని రోజు ఒక్కటి చాలు, మర్నాడు తమరు జూలాజికల్ పార్కు.

పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో తమ ఫొటో పడుతుంది. కింద ఒకటే ప్రశ్న: 'ఇది ఎవరిది?' గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకునేవాడైనా ఉండాలి. ఇక్కడ గుమ్మడికాయ తొక్కలు సాక్షాత్తూ తమలో ఉన్నా ఒక్క భుజమూ కదలదు. 'మేం ఊళ్లో లేం' అని రెండో అంతస్తు. 'మా పనమ్మాయి పెట్టి ఉంటుంది' అని మూడు. దండం పెట్టే బొమ్మ ఒకటి నాలుగు నుంచి. ఐదో అంతస్తువారు దేశంలో పరిశుభ్రత మీద మూడు నిమిషాల వీడియో పంపిస్తారు. నిజానికి ఫొటో పెట్టడం వల్ల చెత్త తగ్గదు, కవరుకు మూడో ముడి పడుతుంది, అంతే.

సాక్ష్యం దొరికేది ఒక్కచోటే, కొరియర్ లేబుల్. పేరు, ఫోన్ నంబరు, ఫ్లాట్ నంబరు అన్నీ ముద్రించి ఉంటాయి. సెక్రటరీ గారు చీపురుపుల్లతో తమ కడుపులో గాలించి లేబుల్ పైకి తీసే దృశ్యం ముందు పోస్టుమార్టం దిగదుడుపు. ఫోన్ నంబరు పదిమంది చేతుల్లో పడకుండా ఆ లేబుల్ చింపి పెట్టెను పారేయడమే తెలివైన పని. ఈ ముక్క తెలిస్తే సెక్రటరీ గారికి ఉద్యోగం ఉండదు కాబట్టి గ్రూపులో మాత్రం పెట్టకండి.

'మనం ఎంత విడదీసినా ఆటోలో అన్నీ కలిపేస్తారుగా' అన్నది ఇక్కడ అందరూ ఏకగ్రీవంగా ఆమోదించిన ఏకైక తీర్మానం. కలిపే మాట కొన్నిచోట్ల నిజమే. కానీ పొద్దున స్వచ్ఛ ఆటోను ఒకసారి తీరిగ్గా చూడండి. రెండు పక్కలా తెల్ల గోతాలు వేలాడుతుంటాయి. ఒకదాంట్లో సీసాలు, ఒకదాంట్లో అట్టలు. ఆటో నడిపే దంపతులకు నెలవారీ వసూళ్లకు తోడు నాలుగు రూపాయలు వచ్చేది ఆ గోతాల నుంచే. చేతికి పొడిగా అందిన సరుకును వాళ్లెందుకు కలుపుతారు? కలిసిపోయేది మనం ముందే కలిపి ఇచ్చిందే. అది ఆటోల చెత్తను లారీలకెక్కించే ట్రాన్స్‌ఫర్ స్టేషన్ మీదుగా జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు చేరుతుంది. అక్కడి గుట్ట నుంచి కారిన మురుగు రసం మల్కారం చెరువును ఏం చేసిందో ఆ చుట్టుపక్కల వాళ్లను అడగాలి. ఆటో వచ్చేలోపు తమలో చెయ్యి పెట్టి వేరుచేసేది ఎలాగూ వాచ్‌మన్ భార్యే. జీతం వాచ్‌మన్‌కు, చెత్త ఆమెకు.

ఆ చెయ్యి గురించే ఒక మాట సూటిగా చెప్పాలి. ఇన్సులిన్ సూదులు విడిగా వేయకూడదు. మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి, మూత బిగించి టేపు చుట్టి, ఎర్ర స్కెచ్ పెన్నుతో 'సూదులు' అని రాసి, ఆటోవాళ్లకు చెప్పి మరీ ఇవ్వాలి. పగిలిన గాజు నాలుగు పొరల పేపర్లో చుట్టి అలాగే రాయాలి. సీఎఫ్‌ఎల్ బల్బులో పాదరసం ఉంటుంది, అది తమకూ కాదు, ఆకుపచ్చ వారికీ కాదు. డైపర్లు, ప్యాడ్లు గట్టిగా చుట్టి ఇవ్వమని 2016 నిబంధనల్లోనే చెప్పారు. వీటన్నిటి కోసం ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంలో మూడోది, ఎర్ర డబ్బా కూడా ఇచ్చారు. మా సెల్లారులో ఎర్రగా ఉండేది ఫైర్ బకెట్ ఒక్కటే. అందులో ఏముందో తమకు తెలియంది కాదు.

ఇప్పుడు లెక్క. మనిషికి రోజుకు 400 గ్రాములు వేసుకున్నా, ఫ్లాటుకు నలుగురు చొప్పున 80 మందికి 32 కిలోలు. అందులో సగానికి పైగా తడి, 18 కిలోలనుకుందాం. తడిది బరువెక్కువ, చోటు తక్కువ. 60 లీటర్ల డబ్బా చాలు. పొడిది దీనికి సరిగ్గా తలకిందులు. 120 లీటర్లున్న తమరు లీటరు సీసాలు నలపకుండా వేస్తే అరవై, డెబ్బైకే నిండిపోతారు. మిక్సీ పెట్టె మడవకుండా నిలబెడితే సగం తమరు అక్కడే సరి. అసోసియేషన్‌వారు మాత్రం కవలపిల్లలకు చొక్కాలు కొన్నట్టు ఇద్దరికీ ఒకే సైజు కొన్నారు. తమరు నిండగానే అట్టపెట్టెలు ఆకుపచ్చలోకి, పెట్టెలతో ఆకుపచ్చ నిండగానే అన్నం తమలోకి. రోజూ జరిగే రంగుల గొడవలో సగానికి మూలం ఈ సైజే. సీసాను అడ్డంగా నలిపి, గాలి పోయాక మూత బిగిస్తే మళ్లీ ఉబ్బదు. పెట్టె అడుగు టేపు కోసి తెరిస్తే వేలి మందం అట్ట అవుతుంది.

పాల ప్యాకెట్ గురించి చెప్పకపోతే కళ్లు పోతాయి. ఇంటికి రెండు చొప్పున రోజుకు 40, నెలకు 1,200. మూల కత్తిరించి ఆ ముక్కను సింకులో వదిలేస్తే నెలకు 1,200 త్రికోణాలు. అంత చిన్న ముక్కను ఎవరూ ఏరలేరు, అది నేరుగా కాలువలోకే. ముక్క ఊడిపోకుండా ఒక పక్క అంటి ఉండేలా కత్తిరించి, అర గ్లాసు నీళ్లతో కడిగి, స్టవ్ వెనక టైలుకు అతికిస్తే సాయంత్రానికి ఎండి తనే రాలిపడుతుంది. అలా ఎండిన కవర్లకు పాత సామాన్ల దుకాణంలో గౌరవముంది. కడగని కవరుకు ఉన్నది పుల్లటి కంపు.

పండగలకు తమరి అవస్థ వేరు. చవితి మర్నాడు పత్రితో పాటు థర్మోకోల్ పందిరి, జిగినీ దారాలు ఒకే ముద్దగా దిగుతాయి. దీపావళి రాత్రి ఇంకా ఘోరం. కాలిన చిచ్చుబుడ్లు పైకి చల్లారినట్టుంటాయి, లోపల నిప్పుంటుంది. పక్కనే అట్టలు. వాటిని బకెట్ నీళ్లలో తెల్లారేదాకా నానబెట్టాకే విడిగా సంచిలో ఇవ్వాలి. తమ ఎడమ చెంప మీద ఆ కరిగిన మచ్చ ఏ దీపావళిదో గ్రూపులో ఇంకా చర్చిస్తూనే ఉన్నారు.

ఇంతకీ విన్నపం ఏమిటంటే, తమరు రాత్రిపూట అక్కడ ఉండొద్దు. చీకటి, మూత లేని డబ్బా, ముడేసిన కవరు, ఈ మూడూ కలిస్తేనే తిలాపాపం తలా పిడికెడు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఆకుపచ్చ వారొక్కరే గేటు దగ్గరికి రావాలి. తడి చెత్తను సింకు జల్లెడలో పది నిమిషాలు వడకట్టి, కవరు లేకుండా తెచ్చి, అందులో ఒంపాలి. ఒంపాలంటే పది సెకన్లు నిలబడాలి. అటూ ఇటూ పాలకూ పేపరుకూ వెళ్లేవాళ్లు చూస్తారు. ఇన్నేళ్లుగా సీసీ కెమెరా చేయలేని పని ఆ పది సెకన్లు చేస్తాయి. పనమ్మాయి తెచ్చినా అంతే. ఏది ఎందులోనో ఆమెకు ఎవరూ ఇంతవరకూ చెప్పలేదు, తిట్టడం మాత్రం అందరూ తిట్టారు.

పొడిది ఎవరింట్లో వాళ్లే ఖాళీ బియ్యం సంచిలో దాచుకోవాలి. జీఎస్టీ పుణ్యమా అని 25 కిలోలది పోయి 26 కిలోలది వస్తోంది, ఇంకాస్త పెద్దదే. కడిగి ఎండబెట్టింది వారమైనా కంపు కొట్టదు. కొడితే అది పొడి కాదన్నమాట, ఆ సంగతి ముందు వాళ్ల ముక్కుకే తెలుస్తుంది. ఆదివారం ఒక్కపూట తమరు ఎండలోకి రండి, మేం సంచులు తెచ్చి నింపుతాం, పట్టనివి తమ పక్కనే పెడతాం. మిగతా ఆరు రోజులూ బోర్లా పడుకుని విశ్రాంతి తీసుకోండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
నీలానికీ ఆకుపచ్చకూ తేడా చీకట్లో కనపడదని ఇన్నాళ్లూ ప్రమాణం చేసిన
20 ఫ్లాట్ల వాస్తవ్యులు

తా.క.: ఈ కాగితానికి నూనె అంటలేదు. చదివాక తమలోనే వేసుకోవచ్చు. నాలుగు మూలలా ఉన్న టేపు మాత్రం పీకేయండి.